అడవిదున్న తోలు

పన్ను ఎంతో నోటితో చెప్పలేదు, చూపించారు.
కోట తలుపుకి మేకులు కొట్టి వేలాడదీశారు:
అడవిదున్న తోలు,
మెడ నుంచి తోక దాకా నిండు రెండు బారలు.
"ఇంత ఉండాలి" అన్నాడు వల్గియుస్,
చేతిలో కొలబద్ద, నడుముకి మైనపు పలక.

మా ఆవులు పొట్టివి.
ఉప్పుగడ్డి మేసి, పోటు వచ్చినప్పుడల్లా
మట్టిదిబ్బ మీదికి ఎగబాకి
మాతో పాటు ఒకే కప్పు కింద పడుకునేవి.
వాటి తోలు ఎంత సాగదీసినా
సాగదీసినవాళ్ళ నడుం విరుగుతుంది గాని
జానెడు పెరగదు.
నాకు తెలుసు. సాగదీసింది నేనే.

అడవిదున్నలు ఎక్కడో తూర్పున ఉంటాయట.
మా దగ్గర అడవి కాదు గదా, చెట్టే లేదు.
సముద్రం కొట్టుకొచ్చే దుంగ కోసం
శీతాకాలమంతా ఒడ్డున కాపు కాసే ఊరు మాది.

ఒక తోలుకి రెండు ఇచ్చాం. చెల్లవన్నారు.
తోలు అడిగినవాళ్ళు ఎద్దుల్నే తోలుకుపోయారు.
తర్వాత ఉత్తరపు పచ్చిక.
ఆ తర్వాతి ఏడు, బురదనేల గడ్డకట్టిన రోజుల్లో,
మా గిస్లా.
మా మాటలో ఆ పేరుకి తాకట్టు అని అర్థం.
పొత్తిళ్ళలో ఉన్నప్పుడు ముద్దుగా పిలుచుకున్నాం,
ఎవరు ఆలోచించారు?
వల్గియుస్ పలక మీద ఒక గీత గీశాడు.
ఒక తోలు జమ.

వసంతంలో పన్ను సిపాయిలు మళ్ళీ వచ్చారు.
వాళ్ళని ఉరితీయడానికి చెట్టు లేక
సిబో తన ఇంటి దూలమే పీకాడు.
నేను చూస్తూ నిలబడ్డాను.
చేతిలో నానబెట్టిన తోలు ఉంది,
నీళ్ళు కారుతున్నాయి, దించలేదు.
వల్గియుస్ మాత్రం దొరకలేదు.
వాడి గుర్రానికి తెలుసు దారి.

కోట ఖాళీ అయ్యాక
మగవాళ్ళు ద్రాక్షసారా జాడీలు వెతుక్కుంటూ పోయారు.
నేను తలుపు దగ్గరికి పోయాను.
నాలుగేళ్ళుగా ఈటెల అవతల నుంచి చూసినదాన్ని
చేత్తో ముట్టుకున్నాను.
మంచి పనితనం, ఒప్పుకోవాలి.
ఓక్ చెక్క నీళ్ళలో ఏడాదికి తక్కువ నానలేదు.
శత్రువు తోలైనా సరే, నా వేళ్ళు మెచ్చుకున్నాయి,
నన్ను అడక్కుండానే.

ఎడమ తొడ దగ్గర చిరుగు.
గాలికి మేకు కోసేసి ఉంటుంది.
కుట్టారు.
ఎడమచేతి వాటం కుట్టు.
నాలుగు పోట్లకొకసారి దారం వెనక్కి తిప్పి,
పోటుకి పోటుకి మధ్య గోరు దూరని కుట్టు.
"అంత దగ్గరెందుకే, దారం దండగ" అని
ఎన్నిసార్లు నెత్తిన మొట్టానో.

"కాల్చేద్దాం దాన్ని!" సిబో కాగడా పట్టుకొచ్చాడు.
ఆగమన్నాను.
ఎందుకన్నాడు.
గొంతులోకి రావలసిన మాట రాలేదు.
"మంచి తోలు" అన్నాను.

ఆ కుట్టు మేరకి కోసి తీసుకున్నాను, బెత్తెడు.
మిగతాది చెప్పులు చేశాను,
దక్షిణం నుంచి సైన్యం వస్తోందని
ఆ వారమే కబురు వచ్చింది.
ముప్పై ఒక్క జతలు.
ఊరికి తిరిగొచ్చినవి పదమూడు.
వాటిలో రెండు మనుషులు లేకుండా వచ్చాయి.

ఇప్పుడు పోటు ఎక్కే రాత్రులు,
ఆవులు ఊపిరి వదిలే చప్పుడు పక్కన పెట్టుకుని,
చీకట్లో ఆ ముక్కని వేళ్ళతో చదువుతాను.
ఇరవై రెండు పోట్లు.
ఇరవై రెండోదాని దగ్గర దారం వేలాడుతుంది.
చివర ముడి వెయ్యలేదు.

నేర్పలేదా అంటే, మొట్టమొదట నేర్పింది అదే.
ఎవరో పిలిచి ఉంటారు.